80 మంది, 240 చదరపు మీటర్లు: నాగోల్ అపార్ట్‌మెంట్‌లో ఆహార ప్రణాళిక (కేస్ స్టడీ)

ఈ కేసు హైదరాబాద్‌లో నాగోల్ వైపు ఉన్న ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌ది. 20 ఫ్లాట్లలో పెద్దలూ పిల్లలూ కలిపి 76 మంది ఉంటారు. కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం నలుగురు. అసోసియేషన్ వాళ్లు మొదట ఇచ్చిన జాబితాలో ఆ నలుగురి పేర్లు లేవు. వాళ్లను కలిపితేనే పని మొదలుపెడతానని చెప్పాను, ఒప్పుకున్నారు. అందుకే లెక్క 80 మందికి.

సెక్రటరీ గారు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "మేడం, ఆరు నెలలు బజారు లేకపోతే మా టెర్రస్ మీద పండించుకుని బతకగలమా?"

ఈ ప్రశ్న 2020 నుంచి నగరంలో చాలామంది మనసుల్లో ఉంది. అయితే ఆ ఏడాది లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌కు తిండి రాక ఆగిపోలేదు. రైతుబజార్లు నడిచాయి, కాలనీలకు మొబైల్ రైతుబజార్ల వాహనాలు వచ్చాయి, తెల్లకార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. ఆగిపోయింది చాలామంది కూలి, జీతం. అదే ఏడాది అక్టోబర్ 13, 14 తేదీల వానకు సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కింది అంతస్తుల్లో బియ్యం బస్తాలు తడిసి పాడయ్యాయి. కాబట్టి ఆపద ఒకే రూపంలో వస్తుందని అనుకుని ప్రణాళిక వేయకూడదు. సరుకు రాకపోవచ్చు, సరుకు ఉన్నా కొనే డబ్బు లేకపోవచ్చు, ఇంట్లో ఉన్నదే నీళ్లపాలు కావచ్చు.

ముందు లెక్క

నేను ఏ తోట పనికైనా విత్తనం కంటే ముందు కాగితం తీస్తాను. ఇక్కడ జాతీయ పోషకాహార సంస్థ (మన తార్నాకలోనే ఉంది) చెప్పిన పళ్లెం లెక్క తీసుకున్నాను. రోజుకు సుమారు 2000 కేలరీల తిండికి తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. 80 మందికి రోజూ 20 కిలోల ధాన్యం, దాదాపు 7 కిలోల పప్పు, 32 కిలోల కూరలు. నెలకు ధాన్యమే 6 క్వింటాళ్లు.

స్థలం ఎంత ఉంది? టెర్రస్ సుమారు 300 చదరపు మీటర్లు. ట్యాంకులు, సోలార్ హీటర్లు, నడిచే దారి, వాన నీటి కోసం వదలాల్సిన భాగం తీసేస్తే మడులకు మిగిలింది 110. పక్కన 200 గజాల ఖాళీ ప్లాటు ఉంది. యజమాని విదేశంలో ఉంటారు. ఇల్లు కట్టేవరకు సాగు చేసుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అందులో సాగుకు పనికొచ్చింది 130. రెండూ కలిపి 240 చదరపు మీటర్లు.

ఇప్పుడు సెక్రటరీ గారి ప్రశ్నకు జవాబు. తెలంగాణలో మంచి పొలంలో ఎకరానికి 24 క్వింటాళ్ల వడ్లు వచ్చాయనుకుందాం. అంటే చదరపు మీటరుకు 600 గ్రాముల లోపు. ఆ 110 చదరపు మీటర్ల టెర్రస్ అంతా పొలంలా పండినా వచ్చేది 65 కిలోల వడ్లు, మర ఆడిస్తే 42 కిలోల బియ్యం. నాలుగు నెలలు ఎదురుచూసి పండించిన పంటను 80 మంది రెండు రోజుల్లో తినేస్తారు. కంది పరిస్థితీ అంతే. ఎకరానికి 4, 5 క్వింటాళ్ల లెక్కన టెర్రస్ మొత్తం మీద 12 కిలోలు, రెండు రోజులకు కూడా చాలదు.

ఈ లెక్క మీటింగ్‌లో చెప్పినప్పుడు కొందరి ముఖాలు చిన్నబోయాయి. అయినా ముందే చెప్పాలి. టెర్రస్ తోట కడుపు నింపుతుందని నమ్మి సరుకు నిల్వ చేయకుండా ఉండిపోయిన కుటుంబం నిజమైన ఆపదలో పస్తులుంటుంది. ఆ నమ్మకాన్ని అమ్మేవాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది.

మరి తోట ఎందుకు? దీనికి క్యూబా చూడాలి. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ దేశానికి చమురు, ఎరువులు, ధాన్యం రావడం ఒక్కసారిగా తగ్గిపోయింది. 1992, 93లో అక్కడ 50 వేల మందికి పైగా చూపు మందగించడం, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కడం వంటి నరాల జబ్బు బారిన పడ్డారు. తిండి తగ్గి, ముఖ్యంగా బి విటమిన్లు అందకపోవడం దానికి పెద్ద కారణమని తేలింది. హవానాలో ఖాళీ స్థలాల్లో మడులు కట్టి కూరగాయలు పండించడం ఆ కాలంలోనే ఊపందుకుంది. నిల్వ ధాన్యం మనిషిని నిలబెడుతుంది కానీ, బియ్యం, పప్పు మీదే నెలల తరబడి బతికితే ఒంట్లో తరిగిపోయేవి వేరే ఉంటాయి. తోట పని ఆ లోటు పూడ్చడం.

అందుకే ప్రణాళికను మూడు భాగాలు చేశాను: ఇంట్లో నిల్వ, తోటలో పచ్చదనం, ఊళ్లో రైతుతో ఒప్పందం. మూడింటిలో ఎక్కువ కష్టపెట్టింది తోటే.

నీళ్లు

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు చదరపు మీటరు మడికి రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. 240 చదరపు మీటర్లకు 1200 లీటర్లు. విపత్తు సహాయ సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషి తాగడానికి, వండుకోవడానికి, శుభ్రతకు కనీసం రోజుకు 15 లీటర్లు ఉండాలి. 80 మందికి అదీ 1200 లీటర్లే. అంటే నిండు ఎండాకాలంలో ఈ తోట తాగే నీళ్లు, ఈ అపార్ట్‌మెంట్ మొత్తం ప్రాణం నిలుపుకోవడానికి కావలసిన నీళ్లు సమానం. కుళాయి రాక, ట్యాంకర్ రాక, బోరు అడుగంటితే ఎవరికి ముందు? ఈ ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకోవాలి, ఆ రోజు గొడవ పడుతూ కాదు.

వాన లెక్క వేరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 300 చదరపు మీటర్ల కప్పు మీద ఐదో వంతు వృథా పోయినా 1,90,000 లీటర్లు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే పడిపోతుంది, సంపు పట్టేది 20,000 లీటర్లు. మిగతాది బోరు పక్కన ఇంకుడు గుంతకు మళ్లించాం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటి ఉంది. మడులున్న టెర్రస్ మీద నుంచి వచ్చే వాన నీళ్లలో మట్టి, పేడ ఎరువు కలుస్తాయి, అవి తాగడానికి సంపులోకి పంపేవి కావు. అందుకే టెర్రస్‌ను వాలును బట్టి రెండుగా విడదీశాం. ఒక వైపు ఖాళీగా, శుభ్రంగా ఉంచి, ఆ గొట్టాన్ని మాత్రమే సంపుకు కలిపాం. మడులున్న వైపు గొట్టం నేరుగా ప్లాటులోకి వెళ్తుంది. సగం టెర్రస్ ఖాళీగా వదిలేస్తున్నామని కొందరు అభ్యంతరం చెప్పారు. నీళ్ల సంపు గురించి వివరించాక ఆగారు.

బరువు గురించి కూడా ఒక మాట. మనుషులు తిరిగే కప్పు మీద భారతీయ ప్రమాణం (ఐఎస్ 875, రెండో భాగం) తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. తడిసిన మట్టి పది సెంటీమీటర్ల మందం వేస్తేనే 170 కిలోలు దాటుతుంది. టెర్రస్ మధ్యలో అడుగు లోతు ఎర్రమట్టి నింపిన ఇళ్లు నగరంలో ఎన్నో చూశాను, చూసిన ప్రతిసారీ టెన్షన్ వస్తుంది. ఇక్కడ స్ట్రక్చరల్ ఇంజినీర్ గుర్తు పెట్టిన దూలాల వెంబడే మడులు పెట్టాం. మట్టిలో సగానికి పైగా కొబ్బరి పొట్టు, మాగిన కంపోస్టు కలిపాం.

ఏం వేశాం, ఎందుకు వేశాం

ప్రతి ఫ్లాటూ తన కుండీలు తనకు కావాలంది. టమాటాలు, క్యాప్సికం, గులాబీలు అడిగారు. ఆపద తోటలో నేను వీటికి స్థలం ఇవ్వను. టమాటా వైరస్ తెగుళ్లకు లొంగుతుంది, ఎండాకాలంలో పూత రాలుస్తుంది, పోషణ పరంగా అదే స్థలంలో తోటకూర ఇచ్చేంత ఇవ్వదు. ఒక్కో ఇంటికి రెండు కుండీలు వాళ్ల ఇష్టానికి వదిలి, మిగతాదంతా ఉమ్మడి మడులు చేశాం.

పంటలను ఎంచింది రుచిని బట్టి కాదు, ఎన్ని రోజుల్లో చేతికి వస్తుందన్న దాన్ని బట్టి. పెసలు నానబెట్టి మొలకలు తీస్తే రెండు మూడు రోజులు చాలు, మట్టే అక్కర్లేదు, విటమిన్ సి అందుతుంది. తోటకూర 25 నుంచి 30 రోజులు. బెండ 45 నుంచి 50. సొర, బీర రెండు నెలలు. చిలగడదుంప నాలుగు నెలలు. కంది ఐదారు నెలలు. బొప్పాయికి ఏడాదికి దగ్గర. మునగ, కరివేపాకు, అరటి, బొప్పాయి ఆపద వచ్చాక నాటితే ఆపద పోయాక తింటాం. అవి ముందే నేలలో ఉండాలి. ప్లాటు గట్ల వెంట మొదటి వానలకే నాటింది ఇవే.

కేలరీలు కాస్తయినా ఇచ్చే పంటల్లో నేను చిలగడదుంపను నమ్ముతాను. బాగా చూసుకుంటే చదరపు మీటరుకు కిలోన్నర నుంచి రెండు కిలోల దుంప, మధ్యలో లేత తీగ కొసలు కూరకు. విత్తనం కొనక్కర్లేదు, తీగ ముక్కలే చాలు. కోతులు నేల మీది కాయలను పీకేస్తాయి కానీ దుంప దాక్కుని ఉంటుంది. పందికొక్కులు మాత్రం వదల్లేదు. మొదటి పంటలో ప్లాటు మూల వరుసలు మొత్తం అవే తిన్నాయి. తర్వాత చుట్టూ అడుగున్నర లోతున ఇనుప వల పాతాం.

ఎండాకాలానికి పాలకూర, మెంతికూర వదిలేసి గోంగూర, బచ్చలి, గోరుచిక్కుడు, అలసంద పెట్టాం. చలికాలానికి చిక్కుడు పందిరి. పప్పు జాతి మొక్కలు నేలకు నత్రజని ఇస్తాయి, యూరియా దొరకని కాలంలో ఆ సాయం చిన్నది కాదు. పురుగుకు ఐదు శాతం వేపగింజల కషాయం. గింజలు ఎండాకాలం చివర్లో కాలనీ వేపచెట్ల కింద పిల్లలే ఏరుతారు.

హైబ్రిడ్ విత్తనం కట్టడి చేశాం. బెండ, అలసంద, చిక్కుడు, తోటకూర నాటు రకాలే వేసి ప్రతి పంటలో బాగా ఎదిగిన కొన్ని మొక్కలను కోయకుండా విత్తనానికి వదిలాం. సొర, బీర విత్తనం తీసేటప్పుడు రకాలు తేనెటీగల వల్ల కలిసిపోతాయి, అందుకే ఒక్కో రకమే పెట్టాలి. నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, గాజు సీసాల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచాం. ఉల్లి విత్తనం మాత్రం ఏడాది దాటితే మొలక బాగా తగ్గిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

ఏరుకునే కూర

ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనది ఈ భాగం. వాచ్‌మన్ భార్యది నారాయణపేట వైపు ఊరు. ప్లాటు శుభ్రం చేసేటప్పుడు కూలీలు కలుపని పీకి పారేస్తున్న దాంట్లోంచి ఆమె గుప్పెడు పక్కకు తీసి పెట్టుకోవడం చూసి అడిగాను.

"ఏం కూర అక్కా అది?"

"గిది గునుగమ్మా. లేతగున్నప్పుడు పప్పుల ఏస్తరు. గిది గంగవాయిలి. గిది చెంచలి. మా ఊర్ల వానలు పడ్డంక కొనేదుండదు, గివే తింటం."

ఆ సాయంత్రం ఆమె ఒక్కతే ఆ ప్లాటులో గునుగు, గంగవాయిలి, చెంచలి, తుమ్మి, పొన్నగంటి, అటికమామిడి, చిలక తోటకూర చూపించింది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి సాగుచేయని కూరలను ఎన్నో ఏళ్లుగా లోకానికి చూపిస్తున్నాయి. ఆ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళా రైతులు. ఆ జ్ఞానం మన అపార్ట్‌మెంట్ల సెల్లార్ గదుల్లో కూడా ఉంది. అడిగేవాళ్లే లేరు. అసోసియేషన్ ఆమెకు ఈ పనికి నెలనెలా విడిగా డబ్బు ఇవ్వాలని నేను షరతు పెట్టాను. ఇస్తున్నారు.

ఏరుకోవడానికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. గుర్తుపట్టేవాళ్లు ఇద్దరు ఔనంటేనే కోయాలి. కొత్త కూర మొదటి రోజు కొంచెమే, అదీ ఉడికించి, నీళ్లు వంచేసి తినాలి. గంగవాయిలి, తోటకూర జాతుల్లో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి కిడ్నీ రాళ్లున్నవాళ్లు తగ్గించాలి. ఉమ్మెత్త లేత మొక్క తోటకూరలో కలిసిపోకుండా చూడాలి, అది ప్రాణం మీదకు తెస్తుంది. వయ్యారిభామను ఒట్టి చేత్తో పీకకూడదు, చర్మం దద్దుర్లెక్కుతుంది. కలుపు మందు కొట్టిన ప్లాట్ల వైపు వెళ్లొద్దు.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు మూసీ గురించి. నది నాగోల్ పక్కనే పోతుంది, గట్ల మీద పొన్నగంటి ఏపుగా పెరుగుతుంది, చూస్తే కోయాలనిపిస్తుంది. నగరమంతా దాటి వచ్చిన మురుగు, పరిశ్రమల నీళ్లు ఆ గట్టును తడుపుతాయి. ఆకుకూరలు భార లోహాలను తమలో చేర్చుకుంటాయి, ఎంత కడిగినా, ఉడికించినా అవి పోవు. ఎంత ఆకలి ఉన్నా అక్కడి కూర వద్దు. నాలాల పక్కన, పెద్ద రోడ్ల అంచున కూడా అంతే.

బజారు బంద్ పరీక్ష

కాగితం మీది ప్రణాళిక నిలబడుతుందో లేదో తెలియాలంటే ఉండి చూడాలి. నవంబర్‌లో ఒకసారి, మే నెలలో ఒకసారి పక్షం రోజులు కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఎవరూ బయట కొనకూడదని ఒప్పుకున్నారు. పసిపిల్లలకు, గర్భిణులకు, మధుమేహం ఉన్నవాళ్లకు మినహాయింపు.

నవంబర్ బాగా గడిచింది. ఆకుకూర అవసరంలో సగం దాకా తోట ఇచ్చింది, ఏరిన కూరతో ఇంకొంత కలిసింది. చిక్కుడు, బెండ, సొర ఉన్నాయి. పిల్లలు రోజూ పప్పుకూర తినలేమని మొరాయించారు, అది సహజం.

మే నెల వేరు. షేడ్‌నెట్ వేసినా టెర్రస్ మడులు మధ్యాహ్నానికి వాడిపోయాయి. కోతుల గుంపు ఒక పొద్దున వచ్చి బొప్పాయిలు, బెండ మొత్తం ఊడ్చేసింది. ఒక రోజు కరెంటు లేనట్టు మోటారు ఆపి చూశాం. టెర్రస్‌కు 550 లీటర్లు అంటే పది లీటర్ల బకెట్లు 55, ఐదు అంతస్తులు మెట్లెక్కి. కుర్రాళ్లు సరదాగా మొదలుపెట్టి సగంలోనే ఆగిపోయారు. మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దాయన, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైర్ అయినవారు, అందరి ముందూ అన్నారు: "అమ్మా, నీళ్లు పైకి మోయొద్దు. మొక్కల్ని కిందికి దించు." ఆయన మాటే ప్రణాళిక మార్చింది.

ఇప్పుడు ఎండాకాలంలో టెర్రస్‌లో మూడో వంతే సాగులో ఉంటుంది: బచ్చలి, గోంగూర, కరివేపాకు. మిగతా మడులు ఎండుటాకు కప్పి వదిలేస్తాం. నీళ్లు ఎక్కువ కావలసినవన్నీ ప్లాటులోకి వచ్చాయి. అక్కడ సున్నం పూయని మట్టి కుండలు మెడ దాకా పాతి నీళ్లు నింపుతాం, అవి నెమ్మదిగా చెమర్చి వేళ్లకు చేరతాయి. బట్టలుతికిన సబ్బునీళ్లు అరటికి మాత్రమే, ఆకుకూరలకు పొయ్యం. కోతులకు మడుల మీద ఇనుప చట్రం, వల. ఈ ఏర్పాటుతో కూడా మే నెలలో ఆకుకూర అవసరంలో పావు వంతు రావడం కష్టమే. ఏప్రిల్, మే నెలలకు చలికాలంలోనే ఎండబెట్టి దాచిన మునగాకు పొడి, గోరుచిక్కుడు వరుగులు, గోంగూర పచ్చడి, చింతపండు, మొలకలకు పెసలు ఉండాలి.

నిల్వ, రైతు

నిల్వ గురించి ఎక్కువ చెప్పేది లేదు, చేయాల్సింది మాత్రం చాలా ఉంది. ప్రతి ఇల్లు మూడు నెలల ధాన్యం, పప్పు, ఉప్పు, నూనె పెట్టుకుని పాతది వాడుతూ కొత్తది చేర్చాలి. రాగులు, పొట్టు తీయని కొర్రలు, సామలు బియ్యం కన్నా చాలా ఎక్కువ కాలం ఆగుతాయి. గుండు కందులు, పెసలకు కిలోకు ఐదు మిల్లీలీటర్ల నూనె పట్టిస్తే పుచ్చు తగ్గుతుంది. వేరుశనగలు తక్కువగా పెట్టాలి, చెమ్మ తగిలి బూజు పడితే అఫ్లటాక్సిన్ విషం చేరుతుంది, అలాంటివి పారేయడమే. నిల్వ ఏదీ సెల్లార్‌లో ఉండకూడదు. అక్టోబర్ వానలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పూర్తి శాకాహారులైన ఇళ్లకు బి12 మాత్రలు డాక్టర్ సలహాతో నిల్వలో చేర్చాం, ఎందుకంటే తోటలో అది పండదు. పాలు ఆగితే వాళ్లకే ముందు ఇబ్బంది.

మూడు నెలలు దాటితే దిక్కు ఊరే. భువనగిరి వైపు ఇద్దరు రైతులతో ఏటా ముందే డబ్బు ఇచ్చి వడ్లు, కందులు తీసుకునే ఒప్పందం కుదిరింది. ధర పడిపోయిన ఏడాది కూడా మద్దతు ధరకు తగ్గకుండా ఇవ్వాలని రాసుకున్నారు. ఆపద వచ్చిన రోజు మనల్ని గుర్తుపెట్టుకునేది మామూలు రోజుల్లో మనం ఆదుకున్న రైతే. బియ్యంగా కాక వడ్లుగా తెచ్చి దాచాలన్నది నా సలహా, పొట్టుతో ఉంటే ఎక్కువ ఆగుతాయి. కానీ కరెంటు లేకపోతే ఆడించేదెట్లా? ఒక రోలు, రోకలి, ఒక తిరుగలి కొన్నారు. 80 మందికి దంచడం మామూలు పని కాదు. అందుకే ప్రస్తుతం సగం వడ్లు, సగం బియ్యం.

తేలని పని ఒకటి ఉంది. కరెంటు లేనప్పుడు బోరు నుంచి నీళ్లు తీయడం. ఇండియా మార్క్ 2 చేతి పంపు సుమారు 45 మీటర్ల లోతు దాకా పనికొస్తుంది. వానాకాలంలో ఈ బోరు నీటిమట్టం అంతకు పైనే ఉంటోంది, ఏప్రిల్‌లో కిందికి పోతోంది. ఇంకుడు గుంత వల్ల మట్టం ఎంత నిలుస్తుందో ఇంకో రెండు ఎండాకాలాలు కొలిచి చూడాలని నేను, సోలార్ పంపు ఇప్పుడే పెట్టేయాలని అసోసియేషన్. ప్రతి నెల మొదటి ఆదివారం తాడు వదిలి మట్టం రాస్తున్నారు. వచ్చే మే నెల అంకె చూశాక నిర్ణయం.